కురింజి, కార్వీ: కొండమీది అక్కచెల్లెండ్రు

మన యింటి ఆడవారు జడలో తురుముకొను కనకాంబరమునకు కొండలమీద ఇద్దరు దగ్గరి చుట్టములున్నారు. తమిళనాడు, కేరళ కొండలపై నుండునది నీలకురింజి. మహారాష్ట్రమున సహ్యాద్రిపై నుండునది కార్వీ. మన పాఠకులలో కొందరికి మొదటిది చేరువ, కొందరికి రెండవది. కనుక రెంటిని పక్కపక్కన ఉంచి చూతము.

ముందు పోలికలు. రెండును అడ్డసరము కుటుంబములోనివే. వృక్షశాస్త్రజ్ఞులు వీనిని స్ట్రోబిలాంథిస్ అను ఒకే ప్రజాతిలో చేర్చిరి. రెంటి పూలును నీలి ఊదా రంగువే. రెండును ఏటేట పూయవు. కురింజి 12 ఏండ్లకు, కార్వీ సాధారణముగా 8 ఏండ్లకు ఒకసారి, కొండ కొండంతయు ఒక్కుమ్మడిగా విరగబూయును. తేనెటీగలకు ఆ యేడు పెద్ద పండుగ. గింజ కట్టిన పిదప మొక్క చచ్చిపోవును. ఇంత గింజ ఒక్కసారిగా రాలినచో పురుగులు, పక్షులు తినగా కూడ మొలకకు కొంత మిగులును. అందులకే ఈ ఏర్పాటని శాస్త్రజ్ఞులు చెప్పుదురు.

ఇక భేదములు. కురింజి పొట్టిది, ఇంచుమించు మోకాలెత్తు. 1300 మొదలు 2400 మీటర్ల ఎత్తున పచ్చికబయళ్లలో పెరుగును. నీలగిరులకు ఆ పేరు దీనివలననే వచ్చెనందురు. ప్రాచీన తమిళ కవులు కొండసీమకే కురింజి యని పేరు పెట్టిరి. పళియరులను కొండవారు ఈ పూతలను బట్టి తమ వయస్సు లెక్కించుకొనెడివారు. కార్వీ నిలువెత్తు మించిన పొద. అడవి వాలులందు దట్టముగా పెరుగును. దాని కఱ్ఱలతో దడి అల్లి, మట్టి మెత్తి, గుడిసెలకు గోడలు కట్టుదురు. ఎండిన కాయలు మరుసటి యేటి తొలకరి తడికి టపటప పగిలి గింజలు చిమ్మును.

అడవి ఉన్నంతవరకు కార్వీకి ఢోకా లేదు. కురింజికి ఆ భాగ్యము లేదు. పచ్చికబయలును పనికిరాని బీడుగా నెంచి, తెల్లదొరల కాలము నుండి అందు తేయాకు, యూకలిప్టస్ తోటలు వేసిరి. 2006లో ఇడుక్కి జిల్లాలో కురింజిమల అభయారణ్యము ఏర్పడినది. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టము కురింజిని రక్షిత మొక్కల పట్టీలో చేర్చినది. అడవిలో దానిని కోయుట, పెరుకుట నేరము. 2024లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము దీనిని ముప్పునకు లోనైన మొక్కలలో చేర్చినది.

ఏటేట పూయు మొక్కకు ఒక యేటి పూత పోయినను మరుసటేడు తీరును. వీనికి తీరదు. కురింజి కొమ్మ విరిచినచో అది పన్నెండేండ్లు పట్టిన నోము చెడినట్లే. ఆ మొక్కకు మరొక పూత లేదు.

2018లో మున్నారు కొండల పూసిన కురింజి 2030లో మరల పూయవలెను. 2024లో ముంబయి బోరివలి అడవిలో పూసిన కార్వీ 2032లో పూయవలెను. మా మనవి ఒక్కటే. పిల్లలను వెంటబెట్టుకొని పోదము, కనులార చూతము, ఒక్క రెమ్మయైనను త్రుంపక తిరిగి వత్తము. జడలోనికి కనకాంబరము ఉండనే యున్నది.