రంగు ఏమిటో చెప్పుకోండి

పేరు, సూచిక తీసేసిన ప్రపంచ పటంలో కొన్ని దేశాలకు రంగు వేసి, వాటికి ఉన్న పోలిక ఏమిటో ఊహించమనడం ఒక ఆట. భారత్, పాకిస్తాన్, బ్రిటన్, ఆస్ట్రేలియా ఒకే రంగులో కనిపిస్తే చాలామంది తొందరపడి బ్రిటిష్ పాలన అంటారు. జపాన్, థాయిలాండ్‌లకూ అదే రంగు ఉందని గమనిస్తే ఆ జవాబు నిలవదు. అవన్నీ వాహనాలు రోడ్డుకు ఎడమ పక్కన నడిచే దేశాలు. ఇందులో ఆధారం ఎప్పుడూ గుంపులో ఇమడని దేశమే. అమెరికా, లైబీరియా, మయన్మార్‌లకు మాత్రమే రంగు పడితే, మెట్రిక్ కొలతలకు పూర్తిగా మారనివని సాధారణంగా చెప్పే దేశాలవి.

అన్నిటికీ ఒకే రంగు కాకుండా ఒక్కో ప్రాంతానికి దాని విలువను బట్టి ముదురు, లేత ఛాయలు వేసే పద్ధతీ ఉంది. దానికి ఫ్రాన్స్‌కు చెందిన చార్లెస్ డ్యూపాన్ 1826లో గీసిన విద్యా పటం తొలి ఉదాహరణ.

ఇలా ఛాయలు వేసిన తెలంగాణ 33 జిల్లాల పటంతోనూ ఈ ఆట ఆడవచ్చు. రంగారెడ్డి అన్నిటికంటే ముదురుగా ఉంటే తలసరి ఆదాయమని పసిగట్టవచ్చు. అయితే ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ పక్కనే, అవుటర్ రింగ్ రోడ్డు అంచున ఆకాశహర్మ్యాలు లేచిన నార్సింగి, సాగు మీద బతికే ఆమనగల్లు, తలకొండపల్లి ఒకే జిల్లాలోవి. పటం మూడింటికీ ఒకే రంగు పులుముతుంది. జనసాంద్రత పటానిది ఇంకో చిక్కు: 217 చదరపు కిలోమీటర్ల హైదరాబాద్ జిల్లా ఎంత ముదురుగా ఉన్నా చుక్కలా కనిపిస్తుంది, అడవులు నిండిన భద్రాద్రి కొత్తగూడెమే కంటిని లాగుతుంది.