చిన్న కంప్యూటరునకు ఏ ఎస్.ఎస్.డి. తగును?

1956లో ఐ.బి.ఎం. సంస్థ రామాక్ అను కంప్యూటరును వెలువరించెను. దాని నిల్వయంత్రములో 24 అంగుళముల వ్యాసము గల 50 పళ్లెములు ఒకే ఇరుసుపై తిరుగుచుండెడివి. ఆ నిల్వయంత్రము బరువు సుమారు ఒక టన్ను. అంత యంత్రములో పట్టినవి 50 లక్షల అక్షరములు మాత్రమే. నేడు 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు గల ఒక పలుచని పలక 500 గిగాబైట్లను, అనగా రామాక్ దాచినదానికి సుమారు లక్ష రెట్లు, దాచుకొనుచున్నది. కదలెడి భాగము దానిలో ఒక్కటియు లేదు. దీనినే ఘనస్థితి నిల్వసాధనమనియు, వాడుకలో ఎస్.ఎస్.డి. అనియు అందురు.

నిల్వసాధనము చిన్నదైన కొలది కంప్యూటరును చిన్నదైనది. 2012లో ఇంటెల్ సంస్థ, ప్రక్కకు 4 అంగుళములుండు చదరపు బోర్డుపై పూర్తి కంప్యూటరును అమర్చి ఎన్.యు.సి. అను పేర ప్రకటించెను. 2023లో ఇంటెల్ ఆ పనిని విరమింపగా ఏసస్ సంస్థ దానిని చేపట్టెను. ఇట్టి మినీ కంప్యూటర్లను నేడు పెక్కు సంస్థలు చేయుచున్నవి. టిఫిను డబ్బా అంత పెట్టెలో ఇమిడి, తక్కువ కరెంటుతో పనిచేయుటచే ఇవి పాఠశాలలకు అనుకూలమైనవి. వీనిలో కొన్నిటిని నిల్వసాధనము లేకుండనే అమ్ముదురు. దానిని కొనువారే ఎన్నుకొనవలెను.

పాఠశాలలో ఈ ఎన్నిక సాధారణముగా సైన్సు ఉపాధ్యాయుని మీద పడును. అంగడిలోని పెట్టెపై 'సెకనుకు 7000 మెగాబైట్లు' అని పెద్ద అక్షరములతో ఉండును. ఆ అంకెను మాత్రమే చూచి కొన్న పలక యంత్రములో పట్టకపోవచ్చును. పట్టినను ఆ వేగమును చూపకపోవచ్చును. డబ్బు వ్యర్థమగుట ఒక నష్టము. అంతకు మించినది మరియొకటి కలదు. మార్కుల పట్టికలు, ప్రశ్నపత్రములు, విద్యార్థులు నెలల తరబడి చేసిన పనులు అందులోనే ఉండును. పలక పాడైనచో మరియొకటి కొనవచ్చును. అందులోని వ్రాత పోయినచో అది ఏ అంగడిలోను దొరకదు. కావున పెట్టెమీది అంకెకంటె ముందు చూడవలసినవి ఏవో, ఎందుచేతనో తెలిసికొందము.

తిరిగెడి పళ్లెము, తిరుగని పలక

హార్డు డిస్కులో అయస్కాంతపు పూత గల పళ్లెము తిరుగుచుండగా, ఒక చేతి కొనయందున్న సూక్ష్మమైన తల దానిపై వ్రాయును, చదువును. నిమిషమునకు 5400 మారులు తిరుగు పళ్లెము సెకనుకు 90 చుట్లు తిరుగును. అనగా ఒక చుట్టునకు 11.1 మిల్లీసెకనులు పట్టును. కావలసిన చోటు తలక్రిందికి వచ్చుటకు సగటున అరచుట్టు కాలము, అనగా సుమారు 5.6 మిల్లీసెకనులు, వేచియుండవలెను. చేయి కదలుటకు పట్టు కాలము దీనికి అదనము.

ఎస్.ఎస్.డి.లో తిరుగవలసినది లేదు, కదలవలసినది లేదు. కోరిన చోటునుండి మిల్లీసెకనులో పదవ వంతుకు అటునిటుగా జవాబు వచ్చును. కంప్యూటరు మొదలగునపుడు వేలకొలది చిన్న ముక్కలను వేర్వేరు చోట్లనుండి చదువవలసియుండును. ప్రతి ముక్కకును వేచియుండు కాలము తగ్గుటచేతనే, పాత కంప్యూటరులోని హార్డు డిస్కును తీసి సామాన్యమైన ఎస్.ఎస్.డి.ని పెట్టినను అది క్రొత్తదైనట్లు తోచును.

ఇచ్చట ఒక విషయమును విద్యార్థులు గమనింపవలెను. పెట్టెమీది అంకె, ఒకే పెద్ద దస్త్రమును వరుసగా చదువునప్పటి వేగము. చిన్న ముక్కలకు జవాబు వచ్చు కాలము అది కాదు. సెకనుకు 500 మెగాబైట్ల పలకకు బదులు 7000 మెగాబైట్ల పలకను పెట్టినపుడు వేగము 14 రెట్లు పెరిగినట్లు కనబడును. కాని జవాబు వచ్చు కాలము ఆ నిష్పత్తిలో తగ్గదు. పాఠములు వ్రాయుటకు, పట్టికలు తయారుచేయుటకు, చలనచిత్రము చూపుటకు ఈ రెండింటి భేదము ఇంచుమించు కానరాదు.

పలకపై వ్రాత ఎట్లు నిలుచును?

1967లో బెల్ ప్రయోగశాలలో డాన్ కాంగ్, సైమన్ జీ అను శాస్త్రజ్ఞులు ట్రాన్సిస్టరునకు ఒక క్రొత్త భాగమును చేర్చిరి. ప్రవాహమును అదుపుచేయు ద్వారమునకును, క్రిందనున్న సిలికనుకును నడుమ మరియొక ద్వారమునుంచి, దానిని అన్నివైపుల విద్యున్నిరోధకమగు ఆక్సైడుతో కప్పిరి. దీనిని తేలు ద్వారమనవచ్చును. ఎక్కువ వోల్టేజి నిచ్చినపుడు ఎలక్ట్రానులు పలుచని ఆక్సైడు పొరను దాటి అందులోనికి పోవును. వోల్టేజిని తీసివేసినను అవి అచ్చటనే చిక్కుకొనియుండును. వానివలన ఆ ట్రాన్సిస్టరు ఎంత వోల్టేజివద్ద ప్రవాహమును వదలునో ఆ విలువ మారును. ఆ మార్పును కొలుచుటయే చదువుట. 1980 తరువాతి దశకములో జపానునందలి తోషిబా సంస్థకు చెందిన ఫుజియో మసువోకా దీనినుండి ఫ్లాష్ నిల్వను రూపొందించెను. నేటి పలకలలో పెక్కింటియందు తేలు ద్వారమునకు బదులు సిలికను నైట్రైడు పొర ఎలక్ట్రానులను పట్టియుంచుచున్నది, సూత్రము అదియే.

ఒక కణములో ఎలక్ట్రానులు ఉన్నవా లేవా అని మాత్రమే చూచినచో ఒక బిట్టు దాచవచ్చును. కుండలోని నీటిని నిండు, వెలితి అని రెండు విధములుగా కాక, లోపల గీతలు గీసి కొలిచినట్లు, ఎన్ని ఎలక్ట్రానులున్నవో మెట్లుమెట్లుగా కొలిచినచో ఎక్కువ బిట్లు పట్టును. 3 బిట్లకు 2×2×2, అనగా 8 మెట్లు కావలెను. 4 బిట్లకు 16 మెట్లు కావలెను. మొదటి రకమును టి.ఎల్.సి. అనియు, రెండవదానిని క్యు.ఎల్.సి. అనియు అందురు. మెట్లు దగ్గరైన కొలది కొలత కష్టమగును. వ్రాయుటకు కాలమెక్కువ పట్టును. కొలది ఎలక్ట్రానులు జారిపోయినను పొరపాటు వచ్చును. అందుచేత క్యు.ఎల్.సి. చవుక, టి.ఎల్.సి. దిటవు. ధరలో భేదము కొద్దిగా ఉన్నపుడు టి.ఎల్.సి.ని తీసికొనుట మేలు.

ఈ పలకకు మన బడిపలకతో ఒక పోలికయు, ఒక భేదమును కలవు. పోలిక ఏమనగా, ఒకసారి వ్రాసినచోట మరల వ్రాయవలెనన్న ముందు తుడువవలెను. భేదమేమనగా, ఇచ్చట ఒక్క పంక్తిని తుడుచుటకు వీలులేదు. వ్రాయుట చిన్న పుటలుగా సాగును గాని, తుడుచుట వందలాది పుటలు గల పెద్ద ఖండములుగానే జరుగును. తుడిచిన ప్రతిసారియు ఆక్సైడు పొర కొంచెము క్షీణించును. ఒకే ఖండము త్వరగా అరిగిపోకుండ, పలకలోని నియంత్రకము వ్రాతను అన్ని ఖండములకును పంచుచుండును. పలకలో కొంత ఖాళీ ఉన్నచో ఈ పని సులభముగా సాగును. కావున పలకను అంచుల వరకు నింపరాదు. అయిదవ వంతు ఖాళీగా ఉంచుట మంచి అలవాటు.

అరుగుదలను గూర్చి మితిమీరిన భయము అక్కరలేదు. పలక వివరములలో ఎంత వ్రాత వరకు హామీ ఇచ్చెదరో టెరాబైట్లలో తెలుపుదురు. 500 గిగాబైట్ల పలకకు 300 టెరాబైట్ల హామీ ఉన్నదనుకొందము. దినమునకు 20 గిగాబైట్లు వ్రాసినచో 3,00,000ను 20చే భాగింపగా 15,000 దినములు, అనగా 41 సంవత్సరములు వచ్చును. పాఠశాల పనికి ఇది చాలును. పెట్టెపై ఈ హామీ అంకెయే లేని చవుక సరకును మాత్రము తీసికొనరాదు.

ముందు యంత్రమును చూడవలెను

చెరువు ఎంత పెద్దదైనను తూము పరిమాణమును బట్టియే కాలువలో నీరు పారును. కంప్యూటరులోని గాడియే ఆ తూము. గాడులు ముఖ్యముగా రెండు పద్ధతులలో పనిచేయును.

మొదటిది సాటా పద్ధతి. ఇందు సెకనుకు 600 కోట్ల బిట్లు పోవును. ప్రతి 8 బిట్ల విషయమునకు 10 బిట్లు పంపుదురు గనుక గరిష్ఠవేగము సెకనుకు 600 మెగాబైట్లు. వాడుకలో సుమారు 550 లభించును. రెండవది పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ బాటలపై నడచు ఎన్.వి.ఎం.ఇ. పద్ధతి. ఆ బాటల మూడవ తరములో ఒక్కొక్క బాటకు సెకనుకు సుమారు 985 మెగాబైట్లు; నాలుగు బాటలకు 3900 పైచిలుకు. నాలుగవ తరములో ఇది రెట్టింపగును. కావున మూడవ తరపు గాడిలో 7000 మెగాబైట్ల పలకను పెట్టినచో అందులో ఇంచుమించు సగము వ్యర్థము.

ఆకారమును కూడ చూడవలెను. 2.5 అంగుళముల పెట్టెరూపపు ఎస్.ఎస్.డి.లు సాటా పద్ధతివి. ఎం.2 అను పలకరూపమునందు కొలతను అంకెలలో తెలుపుదురు: 2280 అనగా వెడల్పు 22, పొడవు 80 మిల్లీమీటర్లు, 2242 అనగా పొడవు 42, 2230 అనగా పొడవు 30. పలక కొనయందు ఒక గాటు గాని, రెండు గాట్లు గాని ఉండును. రెండు గాట్లున్నవి తరచు సాటా పద్ధతివి. గాటు సరిపడినంత మాత్రమున పనిచేయునని నమ్మరాదు. ఎన్.వి.ఎం.ఇ.కి మాత్రమే ఏర్పరచిన గాడిలో సాటా పలక చక్కగా దిగును. కాని కంప్యూటరు దానిని గుర్తింపదు.

ఒక ఉదాహరణము. 2023లో ఇంగ్లండునుండి వెలువడిన రాస్‌ప్‌బెర్రి పై 5 అను చిన్న కంప్యూటరునకు, ఆ సంస్థ 2024లో విడుదల చేసిన ఎం.2 అనుబంధ బోర్డులో 2230, 2242 కొలతలు మాత్రమే పట్టును. ఆ యంత్రమునకు సంస్థ ప్రకటించిన మార్గము రెండవ తరపు బాట ఒక్కటే. గరిష్ఠవేగము సెకనుకు 500 మెగాబైట్లు. దీనికొరకు 80 మిల్లీమీటర్ల పొడవు, 7000 మెగాబైట్ల వేగము గల పలకను కొన్నవారికి అది ఆ బోర్డులో పట్టదు. పట్టియున్నను ఆ వేగములో పదునాలుగవ వంతు మాత్రమే ఉపయోగపడును. కనుక అంగడికి పోవుటకు ముందే యంత్రపు పుస్తకములో గాడి పద్ధతి, తరము, బాటల సంఖ్య, పట్టు పొడవు చూచి కాగితముపై వ్రాసికొనవలెను.

వేడిమి, కరెంటు

వేగముగా పనిచేయు పలకలోని నియంత్రకము కొన్ని వాట్ల శక్తిని వేడిగా విడుచును. పెద్ద కంప్యూటరులో గాలి ఆ వేడిని కొనిపోవును. చిన్న పెట్టెలో పలక బోర్డునకు అంటుకొన్నట్లుండుటచే గాలి ఆడదు. మన వేసవిలో గదియే 40 డిగ్రీలు దాటినపుడు లోపలి వేడిమి ఇంకను హెచ్చును. వేడి పరిమితిని మించగనే నియంత్రకము తన్ను తాను కాపాడుకొనుటకై వేగమును తగ్గించుకొనును. అంతటితో కొన్న వేగము పోయినట్లే. చిన్న పెట్టెకు మధ్యరకపు వేగము, తక్కువ విద్యుత్తు వాడు పలకయే తగినది. పలకకును పెట్టె లోహపు మూతకును నడుమ వేడిని ప్రసరింపజేయు మెత్తని పట్టీ ఉన్నచో దానిని తీసివేయరాదు.

ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ ఉండును. మినీ కంప్యూటరులో ఉండదు. వ్రాత జరుగుచుండగా కరెంటు పోయినచో ఆ దస్త్రము చెడవచ్చును. ఏ విషయము ఏ ఖండములో ఉన్నదో తెలుపు నియంత్రకపు పట్టిక దెబ్బతిన్నచో పలకయంతయు చదువరాకుండ పోవచ్చును. పెద్ద సంస్థల పలకలలో ఇట్టి క్షణములో పని ముగించుటకు కెపాసిటర్లుండును. సామాన్య పలకలలో అవి అరుదు. కావున బడ్జెటులో వేగమునకు పెట్టదలచిన సొమ్మును చిన్న యు.పి.ఎస్.కు మార్చుట తెలివైన పని.

కరెంటు లేని కాలమును గూర్చియు ఒక మాట. జెడెక్ అను ప్రమాణసంస్థ నియమము ప్రకారము, సామాన్య కంప్యూటర్ల ఎస్.ఎస్.డి. తన వ్రాత హామీని పూర్తిగా వాడుకొనిన పిమ్మట, కరెంటు లేకుండ 30 డిగ్రీల సెంటిగ్రేడువద్ద ఒక సంవత్సరము వ్రాతను నిలుపవలెను. క్రొత్త పలక ఇంతకంటె చాలకాలము నిలుపును. వేడిమి హెచ్చినచో గడువు తగ్గును. వేసవి సెలవులలో తాళమువేసిన గదివలన భయము లేదు గాని, అరిగిన పలకను బీరువాలో ఏండ్ల తరబడి దాచి దానినే దస్త్రముగా నమ్ముకొనరాదు.

ఎంత పరిమాణము?

500 గిగాబైట్ల పలకను అమర్చిన పిమ్మట కంప్యూటరు 465 అని చూపినచో మోసమని తలపరాదు. తయారుచేయువారు గిగాబైటును 100 కోట్ల బైట్లుగా లెక్కింతురు. విండోస్ 107 కోట్ల పైచిలుకుగా, అనగా 2ను 30 మారులు గుణించిన సంఖ్యగా, లెక్కించును. ఇది తరగతిలో చేయించదగిన చక్కని భాగహారము. పాఠశాల పనికి 256 గిగాబైట్లు సరిపోవును. చలనచిత్ర పాఠములు దాచుకొనువారికి 500 అనుకూలము.

ఎన్నుకొను వరుస ఇట్లుండవలెను: మొదట గాడి పద్ధతి, పొడవు; తరువాత కణముల రకము, వ్రాత హామీ, వారంటీ; పిదప వేడిమి; చిట్టచివరకు పెట్టెమీది వేగము. ఇట్లు ఎన్నుకొనిన పలకయు ఏదో ఒకనాడు ముందు సూచన లేకుండ ఆగిపోవచ్చును. హార్డు డిస్కువలె శబ్దము చేసి హెచ్చరించుట దీనికి లేదు. అందుచేత పలకతోపాటు ఒక బాహ్య హార్డు డిస్కును కూడ కొని, వారమునకొకసారి ముఖ్యమైన దస్త్రములను దానిలోనికి ఎత్తి వ్రాయు పనిని ఇద్దరు విద్యార్థులకు అప్పగింపవలెను. నకలు తీసిన తేదీని ఒక పుస్తకములో వ్రాయించి, నెలకొకసారి ఆ నకలులోని ఒక దస్త్రమును తెరచి చూడవలెను.