పెద్దల మరుపు: ఎంతవరకు వయసు, ఎక్కడి నుంచి జబ్బు

అరవై దాటాక మెదడు నెమ్మదిస్తుంది. బాగా తెలిసిన మనిషి పేరు నోటిదాకా వచ్చి ఆగిపోతుంది, గంట తర్వాత వేరే పనిలో ఉండగా దానంతటదే గుర్తొస్తుంది. ఫోన్ మాట్లాడుతూ పొయ్యి మీద పాలు చూసుకోవడం కష్టమవుతుంది. కొత్త ఫోన్ నేర్చుకోవాలంటే మనవడు నాలుగైదుసార్లు చెప్పాల్సి వస్తుంది. ఇవి వయసుతో వచ్చే మార్పులు. వీటి పక్కనే నిలిచి ఉండేవి కూడా చాలా ఉన్నాయి. మాటల సంపద, లోకజ్ఞానం, చేతికి అలవాటైన పని, మంచిచెడ్డల తీర్పు ఎనభై దాటినా చాలామందిలో చెక్కుచెదరవు.

డిమెన్షియా ఈ నెమ్మదికి ముదిరిన రూపం కాదు. మెదడు కణాలను దెబ్బతీసే జబ్బుల వల్ల జ్ఞాపకం, ఆలోచన, మాట, దారి గుర్తుపట్టే శక్తి, నడవడిక క్రమంగా క్షీణించి, రోజువారీ పనులు సొంతంగా చేసుకోలేని స్థితికి చేరడాన్ని డిమెన్షియా అంటారు. ఆ జబ్బుల్లో అల్జీమర్స్‌దే పెద్ద వాటా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం కేసుల్లో 60 నుంచి 70 శాతం అదే. మెదడు రక్తనాళాలు దెబ్బతినడం వల్ల వచ్చే రకం, లూయీ బాడీ రకం, ముందు స్వభావాన్నో మాటనో మార్చేసే ఫ్రంటోటెంపొరల్ రకం మిగతావాటిలో ముఖ్యమైనవి. వయసు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుందన్నది నిజమే. కానీ 1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ వైద్యుల సభలో వివరించిన తొలి రోగి ఆగస్టె డేటర్ ఆస్పత్రిలో చేరేనాటికి ఆమెకు 51 ఏళ్లే. మన దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయస్థాయి అధ్యయనం అంచనా కట్టింది. అంటే మిగిలిన తొంభై రెండు శాతం పైచిలుకు పెద్దలకు ఈ జబ్బు లేదు. ముసలితనంలో మతి పోవడం మామూలే అనుకోవడం ఎంత పొరపాటో ఈ ఒక్క అంకె చాలు చెప్పడానికి.

రెండు రకాల మరుపులకూ ఉన్న తేడా అందించినప్పుడు బయటపడుతుంది. పోయిన నెల వెళ్లిన పెళ్లి ఎవరిదో ఒక పెద్దాయనకు గుర్తు రాలేదనుకుందాం. ‘అదే, భోజనాల వేళ వాన పడి అందరూ మండపంలోకి పరిగెత్తలేదూ!’ అని ఇంట్లోవాళ్లు అందించగానే, ‘ఆఁ, మన సుబ్బారావు కూతురిది కదూ’ అని మిగతాదంతా తనే చెప్పేస్తే అది వయసు మరుపు. విషయం లోపల భద్రంగానే ఉంది, తీయడమే ఆలస్యమైంది. ఎంత అందించినా ‘నేను ఏ పెళ్లికీ వెళ్లలేదు’ అని నమ్మకంగా అంటే ఆలోచించాలి. అల్జీమర్స్ సాధారణంగా ముందుగా దెబ్బతీసేది హిప్పోక్యాంపస్ అనే భాగాన్ని. కొత్త అనుభవాన్ని నిలవ ఉండే జ్ఞాపకంగా మార్చేది అదే. అక్కడ నమోదే కాని విషయాన్ని ఎవరు అందించినా బయటికి తీయలేరు. ఒకే ప్రశ్నను పదినిమిషాల్లో మూడుసార్లు అడగడానికి కారణం కూడా ఇదే. జవాబు విన్న సంగతే కాదు, ప్రశ్న అడిగిన సంగతీ నిలవదు.

కుటుంబాలను బాగా మోసగించేది పాత జ్ఞాపకం. 1977 నాటి దివిసీమ ఉప్పెనను నీళ్లు ఏ వైపు నుంచి వచ్చాయో, ఎవరు ఏ చెట్టెక్కారో సహా చెప్పగల మనిషికి మధ్యాహ్నం అన్నం తిన్నదీ లేనిదీ తెలియకపోవచ్చు. ఎప్పుడో కుదురుకున్న జ్ఞాపకాలు హిప్పోక్యాంపస్ మీద అంతగా ఆధారపడవు. అందుకే జబ్బు మొదట్లో అవి నిలుస్తాయి. ‘యాభై ఏళ్ల నాటివి చెబుతుంటే మతిమరుపేమిటి’ అని ఇంట్లోవాళ్లు ధీమాగా ఉండిపోతారు. నిన్నటి సంగతి, ఈ పూట సంగతి అడిగితేనే అసలు స్థితి తెలుస్తుంది.

జ్ఞాపకం కంటే నమ్మకమైన కొలత పని. నలభై ఏళ్లుగా పండగకు పులిహోర కలిపిన ఇల్లాలు ఒకసారి ఉప్పు మరిచిపోవచ్చు, రెండుసార్లు వేయవచ్చు. అది ఎవరికైనా జరిగేదే. చింతపండు నానబెట్టి, అన్నం వార్చి, ఆ తర్వాత ఏం చేయాలో తోచక పొయ్యి దగ్గర నిలబడిపోతే, పోపు వేయాల్సిన నూనెను అన్నం మీద పచ్చిగానే పోస్తే, అక్కడ పోయింది ఒక వస్తువు కాదు, పని వరస. ఊళ్లో లెక్కలన్నీ చూసిన మనిషి కూరగాయల బండి దగ్గర చిల్లర లెక్కపెట్టలేక మొత్తం నోట్లు అమ్మేవాడి చేతిలో పెట్టడం, రోజూ నడిచే వీధి నుంచి ఇంటికి దారి తెలియకపోవడం, కళ్లజోడు ఫ్రిజ్‌లో దొరకడం, ‘గడియారం’ అనడానికి మాట దొరక్క ‘టైం చూసేది’ అనడం తరచవుతుండటం ఇలాంటివే. ఆ మనిషిని పక్కింటి పెద్దాయనతో పోల్చి చూడకూడదు. రెండు మూడేళ్ల క్రితం ఆయన ఏం చేయగలిగేవాడు, ఇప్పుడు ఏం చేయలేకపోతున్నాడు అన్నదే ప్రశ్న.

మన ఇళ్లలో ఈ ప్రశ్నకు జవాబు దొరకడం కష్టం, దానికి కారణం ప్రేమే. అత్తగారికి శ్రమ ఎందుకని కోడలు వంటిల్లు తీసుకుంటుంది. బ్యాంకు పని కొడుకు చూస్తాడు, మందులు మనవరాలు చేతిలో పెడుతుంది, గుడికి ఎవరో ఒకరు తోడు వెళతారు. పెద్దల్ని ఏ పనీ చేయనివ్వకపోవడం గౌరవమనుకునే ఇంట్లో, ఆ పని చేసే శక్తి పోయిన సంగతి ఏడాది, రెండేళ్లు ఎవరి కంటా పడదు. భార్యాభర్తల్లో ఒకరు రెండోవారి లోటును కప్పుకుంటూ రావడం కూడా మామూలే. ఆ తోడు పోయిన నెలలోనే మరుపు ఒక్కసారిగా ముదిరినట్టు కనిపిస్తుంది, నిజానికి అది అంతకుముందు నుంచీ ఉన్నదే. పెద్దల చేతిలో వారికి ఇష్టమైన పని ఒకటైనా ఉంచడం వారికి మేలు, మార్పును గమనించడానికి ఇంట్లోవారికీ మేలు.

తన మరుపు గురించి ఎవరు బాధపడుతున్నారన్నది కూడా చూడాలి. ‘నాకేమీ గుర్తుండట్లేదు, నాకు అల్జీమర్స్ వచ్చిందేమో’ అని స్వయంగా డాక్టరు దగ్గరికి వచ్చి, ఏవేం మరిచిపోయారో పూసగుచ్చినట్టు చెప్పేవారిలో చాలామందికి ఉన్నది దిగులో, నిద్రలేమో, వయసు మరుపో అవుతుంది. జబ్బు ఉన్నవారు తరచుగా తమకేమీ లేదంటారు, ఇంట్లోవాళ్లే లాక్కొస్తారు. ‘పొద్దున టిఫినేం తిన్నారు?’ అని అడిగితే జవాబు కోసం భార్య వైపు తల తిప్పుతారు. మెమరీ క్లినిక్‌లలో వైద్యులు ఈ చిన్న కదలికను శ్రద్ధగా గమనిస్తారు.

కొన్ని ఇళ్లలో మరుపు కంటే ముందు మనిషి మారతాడు. నెమ్మదస్తుడు బూతులు తిడతాడు, నలుగురితో కలివిడిగా ఉండే ఆవిడ మూలన కూర్చుంటుంది. గాజులు తనే ఎక్కడో దాచి, దాచిన సంగతి మరిచి, కోడలే తీసిందని నలుగురిలో అనడం తెలుగు కుటుంబాల్లో చాలా గాయం చేసే లక్షణం. ఆగస్టె డేటర్‌లోనూ ముందు కనిపించింది భర్త మీద అనుమానమే. ఆ మాటలు అనిపించేది జబ్బని తెలిస్తే ఆ కోడలు మోసే నింద కొంతైనా తగ్గుతుంది. గదిలో లేని పిల్లలు, జంతువులు స్పష్టంగా కనబడుతున్నాయనడం, మతి ఒకరోజు బాగుండి మరునాడు బాగుండకపోవడం, నడక బిగుసుకోవడం లూయీ బాడీ రకంలో ఉంటాయి. దీన్ని గాలి సోకిందని మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్లేవారున్నారు. ఈ రకం జబ్బు ఉన్నవారికి, భ్రమలు తగ్గడానికి ఇచ్చే హాలోపెరిడాల్ లాంటి మందులు తీవ్రంగా వికటించగలవు కనుక సరైన రోగనిర్ధారణ అత్యవసరం.

ఎంత వేగంగా వచ్చిందన్నది మరో ఆనవాలు. డిమెన్షియా నెలలు, ఏళ్ల మీద వస్తుంది. నిన్నటిదాకా బాగున్న మనిషి రాత్రికి రాత్రి ఎవరినీ గుర్తుపట్టక, మగతగానో ఆందోళనగానో ఉంటే అది డెలీరియం. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, సోడియం తగ్గడం, షుగర్ పడిపోవడం లాంటి కారణాలుంటాయి. మూతి వంకరపోయినా, చెయ్యో కాలో పడిపోయినా పక్షవాతం. ఈ రెండింటిలోనూ ఉదయం దాకా ఆగకూడదు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. బాత్రూంలో జారిపడి తలకు చిన్న దెబ్బ తగిలి, దాన్ని అందరూ మరిచిపోయిన కొన్ని వారాలకు మతి తప్పితే, పుర్రె లోపల నెమ్మదిగా రక్తం చేరి ఉండవచ్చు. రక్తం పలచబడే మందులు వాడేవారిలో ఇది మరీ ఎక్కువ. స్కానింగ్‌లో తెలుస్తుంది, చాలాసార్లు శస్త్రచికిత్సతో బాగవుతుంది.

డిమెన్షియాలా కనిపించి, కారణాన్ని సరిచేస్తే మెరుగయ్యేవి ఇంకా ఉన్నాయి. బి12 లోపం శాకాహారుల్లో, షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ గానీ ఎసిడిటీ మాత్రలు గానీ ఏళ్ల తరబడి వాడేవారిలో ఎక్కువ. థైరాయిడ్ తగ్గినా బుద్ధి మందగిస్తుంది. నిద్ర కోసం రోజూ వేసుకునే ఆల్ప్రజోలం, జలుబుకు వాడే పాతరకం అలర్జీ మాత్రలు పెద్దల మతిని మసకబారుస్తాయి. భార్యో భర్తో పోయాక వచ్చే డిప్రెషన్‌లో ఏది అడిగినా ‘ఏమో, తెలీదు’ అన్నదే జవాబవుతుంది. వినికిడి తగ్గినవారి సంగతి మరీ అన్యాయం. చెప్పింది చెవిన పడలేదు, ఇంట్లోవాళ్లు మరిచిపోయారంటారు.

వైద్యుడి దగ్గరికి వెళ్లేముందు ఇంట్లోవాళ్లు ఒక నోటుపుస్తకంలో ఏ తేదీన ఏం జరిగింది, ఆ పని అంతకుముందు ఎలా చేసేవారు అన్నది రాసిపెట్టుకుంటే అది ఏ స్కానింగ్‌కూ తీసిపోదు. వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకు వెళ్లాలి. పెద్దల ఎదుట వారి లోపాలు ఏకరువు పెట్టకుండా వైద్యుడితో విడిగా మాట్లాడాలి. ‘పిచ్చి డాక్టరు’ మాట ఎత్తకుండా, బీపీ, షుగర్‌లతో పాటు ఇదీ చూపిద్దామంటే ఎక్కువమంది వస్తారు. ఫిజీషియన్‌తో మొదలుపెట్టి న్యూరాలజిస్టుకో సైకియాట్రిస్టుకో చూపించవచ్చు. రక్తపరీక్షలు, సీటీ లేదా ఎంఆర్ఐ, జ్ఞాపకశక్తి పరీక్ష చేస్తారు. 1975 నుంచి వాడుకలో ఉన్న 30 మార్కుల పరీక్షలో వాక్యం రాయడం, బొమ్మ చూసి గీయడం ఉంటాయి. బడి ముఖం చూడని రైతుకు ఇందులో మార్కులు తగ్గితే ఆయన మెదడును తప్పుపట్టలేం. అందుకే భారత వైద్య పరిశోధన మండలి తెలుగుతో సహా ఐదు భారతీయ భాషల్లో మన జనానికి తగిన పరీక్షలు రూపొందించింది.

జబ్బును వాయిదా వేయడం గురించీ పరిశోధనలు జరిగాయి. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు మాట్లాడేవారికి లక్షణాలు ఒకే భాష వచ్చినవారికంటే సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది. చదువు రానివారిలోనూ ఈ తేడా ఉంది. తెలుగుతో పాటు ఉర్దూనో హిందీనో అలవోకగా మాట్లాడే నగరంలో పరీక్షించదగిన సంగతే అది. మెదడు నిత్యం పనిలో ఉంటే జబ్బు పడినా కొంతకాలం నెగ్గుకురాగలదని దీన్ని బట్టి పరిశోధకులు భావిస్తున్నారు. 2024 నాటి లాన్సెట్ కమిషన్ నివేదిక వినికిడి లోపం, బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, పొగతాగడం, ఒంటరితనం వంటి 14 కారణాలను అదుపులో పెట్టగలిగితే దాదాపు 45 శాతం కేసుల్ని నివారించడమో వాయిదా వేయడమో సాధ్యమని లెక్కగట్టింది.

డిమెన్షియా అని తేలితే డోనెపెజిల్, రివాస్టిగ్మిన్, మెమాంటిన్ లాంటి మందులు కొందరిలో కొంతకాలం లక్షణాలను తగ్గిస్తాయి, జబ్బును మాన్పవు. నిర్ణయాలు తీసుకునే శక్తి ఉండగానే వీలునామా, బ్యాంకు ఖాతా, ఎవరి దగ్గర ఉండాలన్న విషయాలు ఆ పెద్దమనిషినే అడిగి తేల్చుకోవాలి. సలహా కోసం వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567, మానసిక ఆరోగ్యానికి టెలిమానస్ 14416 ఉన్నాయి.

అటూ ఇటూ కాని స్థితి కూడా ఒకటుంది. పరీక్షలో మార్కులు వయసుకు తగినదానికంటే తగ్గినా, రోజువారీ పనులు ఇంకా సొంతంగానే సాగుతుంటే దాన్ని స్వల్ప మేధోలోపం అంటారు. వీరిలో కొందరు డిమెన్షియాలోకి జారతారు, కొందరు ఏళ్ల తరబడి అలాగే ఉంటారు, మరికొందరు కోలుకుంటారు. ఎవరు ఏ దారిలో ఉన్నారో ఒక్క పరీక్షతో తేలదు. ఆరు నెలలకో ఏడాదికో అదే పరీక్షను, వీలైతే అదే వైద్యుడి దగ్గర మళ్లీ చేయించి, పాత ఫలితం పక్కన పెట్టి చూడాలి. ఇంట్లో రాసుకున్న నోటుపుస్తకాన్ని ఈలోగా ఆపకూడదు.