ఇల్లు ఎక్కడ ఇచ్చారు?

మన కథల్లో ఇల్లు తరచు నేపథ్యంగానే మిగిలిపోతోంది. గోడల పగుళ్లనూ కారే కప్పునూ వర్ణించి పేదరికాన్ని చెప్పామనుకుంటాం. ఆ ఇల్లు ఏ బస్తీలో ఉంది, అక్కడినుంచి పనిచోటు ఎంత దూరం, ఆ దూరాన్ని ఎవరు నిర్ణయించారు అన్న ప్రశ్నలు వెనకబడతాయి. గృహవిధానాలు మనుషుల బతుకును మార్చేది ముఖ్యంగా ఇక్కడే.

చైనా నగరాలు ఇందుకు పెద్ద ఉదాహరణ. పూర్వం అక్కడి పట్టణ కార్మికులకు పనిచేసే సంస్థే నామమాత్రపు అద్దెకు ఇల్లిచ్చేది. చాలాచోట్ల ఫ్యాక్టరీ, క్వార్టర్లు, భోజనశాల ఒకే ప్రహరీలో ఉండేవి. గదులు ఇరుకు, హోదాను బట్టి తేడాలూ ఉండేవి. అయినా అధికారీ కార్మికుడూ ఇరుగుపొరుగుగా బతికారు. 1998లో ప్రభుత్వం ఈ కేటాయింపుకు స్వస్తి చెప్పింది. క్వార్టర్లను అందులో ఉన్నవారికే చౌకగా అమ్మారు. కొత్త ఇల్లు సరుకైంది. సగటు నివాసస్థలం పెరిగిన మాట నిజమే. కాని కొనగలవాడు కాపలా గేట్ల కాలనీ చేరాడు. పాతపేటలు కూల్చినప్పుడు అనేకులు శివార్లకు పోయారు. పల్లెనుంచి వచ్చిన కూలీకి నగరవాసిగా నమోదు లేదు. నగరం చుట్టుముట్టిన పల్లెల్లో అద్దెగదే అతనికి గతి అయింది. పనిని బట్టి ఏర్పడిన ఇరుగుపొరుగు డబ్బును బట్టి విడిపోయింది.

హైదరాబాదు చరిత్ర వేరు. ప్రశ్న మాత్రం అదే. డబుల్ బెడ్‌రూమ్ పథకం కింద 2015 నవంబరులో సికింద్రాబాద్ ఐ.డి.హెచ్. కాలనీలో 396 ఇళ్లు ఇచ్చారు. పాత ఇళ్లున్న చోటనే కట్టారు గనుక జనం తమ పనులకు దగ్గరగానే ఉండగలిగారు. అదే పథకం కింద 2023 జూన్‌లో కొల్లూరులో 15,660 ఇళ్ల సముదాయం ప్రారంభమైంది. పాతబస్తీలోని ఛత్రినాక నుంచి అది రోడ్డున 30 కిలోమీటర్ల పైమాటే.

లాల్ దర్వాజా, ఉప్పుగూడల పక్కనున్న ఛత్రినాకలో ఇంట్లోనే మిషను కుట్టుకొనే ఒక స్త్రీని ఊహించండి. ఆమెకు గిరాకీ ఆ గల్లీయే. ఉద్దెర ఇచ్చే కిరాణాకొట్టూ, పిల్లను కాసేపు చూసిపెట్టే పక్కింటి పెద్దమ్మా, బోనాలకు కలిసి నడిచే వాడకట్టూ ఆమె జీవనాధారంలో భాగాలే. ఆమెకు కొల్లూరులో ఇల్లు వస్తే పక్కా కప్పు దక్కుతుంది. అది చిన్న సంగతి కాదు. గిరాకీ మాత్రం ఛత్రినాకలోనే ఉండిపోతుంది. కేటాయింపు పత్రంలో ఈ నష్టానికి గడి లేదు.

పెట్టుబడిదారీ వ్యవస్థ ఇళ్ల సమస్యను పరిష్కరించదనీ, మరో చోటికి తరలిస్తుందనీ ఎంగెల్స్ 1872లో మొదలుపెట్టిన తన వ్యాసాల్లో వాదించాడు. నేటి రచయిత ఆ తరలింపును వెంబడించాలి. తాళంచెవి చేతికి వచ్చిన రోజుతో కథ ముగించడం సులువు. మర్నాడు మొదటి బస్సు కోసం ఆమె ఎన్నింటికి లేచిందో చెప్పినప్పుడే ఆ ఇల్లు ఎవరిదో, నగరం ఎవరిదో పాఠకుడికి తెలుస్తుంది.