వెనక తలుపు, మ్యాన్‌హోల్ మూత

కులం మనసుల్లో ఉందంటారు, శాస్త్రాల్లో ఉందంటారు. నిజమే. మరి ఇటుకల్లో, సున్నంలో, ఇనుములో లేదా? ఒక కట్టడంలోకి ఎవరు ఎటునుంచి వస్తారో చూస్తే, ఆధునికత ఎవరి కోసం వచ్చిందో మనకే తెలుస్తుంది.

పాకీదొడ్డినే తీసుకుందాం. కూర్చునేవాళ్లకు ముందు తలుపు. కింద రేకు డబ్బా. దాన్ని బయటికి లాగడానికి వెనక గోడలో చిన్న తలుపు. బ్రిటిష్ కాలంలో బెంగుళూరు లాంటి చోట్ల ఇళ్ల వరుసల వెనక ఇందుకోసం సన్నని సందులే వేశారు. వాటి పేరు కన్సర్వెన్సీ లేన్లు. మలం ఎత్తే మనిషి ఇంటివాళ్ల కంట పడకుండా వచ్చిపోవాలి! ఊరికి వెలివాడ ఎలాగో, ఇంటికి ఆ వెనక తలుపు అలాగ.

తర్వాత ఫ్లష్ వచ్చింది, భూగర్భ డ్రైనేజీ వచ్చింది. కులం పోయిందా? గోడలో తలుపు మూసి నేలలో తలుపు తెరిచారు. మ్యాన్‌హోల్ అన్న పేరులోనే మనిషి ఉన్నాడు. మూత గుండ్రంగా ఎందుకుంటుందని అడిగితే, ఎటు తిప్పినా లోపల పడదు కాబట్టి అని ఇంజనీరింగ్ విద్యార్థులు టక్కున చెబుతారు. మూత గురించి అంత ఆలోచించారు, దిగే మనిషి గురించి? లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. అది మోతాదు మించితే వాసన పట్టే శక్తే పోతుంది. ప్రమాదం తెలిసేలోపు మనిషి కూలిపోతాడు. కాపాడబోయి దిగినవాడూ పోతాడు.

1993లో ఒక చట్టం, 2013లో మరో చట్టం వచ్చాయి. సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో వేసిన కేసులో, మురుగులో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 10 లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014లో తీర్పిచ్చింది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. అయినా 2013 చట్టంలో ఒక సందు మిగిలే ఉంది. రక్షణ పరికరాలిచ్చి పని చేయిస్తే ఆ మనిషి మాన్యువల్ స్కావెంజర్ కిందికి రాడు. చేతికి తొడుగు వచ్చింది సరే, ఆ చెయ్యి ఎవరిది?

యంత్రాల్లేవా అంటే ఉన్నాయి. సన్న సందుల్లో దూరే చిన్న జెట్టింగ్ యంత్రాలను హైదరాబాద్ జలమండలి 2017లోనే దించింది. చెయ్యాలనుకుంటే అవుతుంది. అందుకే డ్రాయింగ్ షీటు మీద మ్యాన్‌హోల్ గీయించే ప్రతి తరగతిలో మన పిల్లలు లేచి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: సార్, ఇందులోకి ఎవరిని దింపుతారు?