సిమ్స్ ఊళ్లోకి తొమ్మిదిమంది చుట్టాలు

నందిలో తాత, నాయనమ్మ, పెద్దకొడుకు, కోడలు, ఇద్దరు మనవలు: 6 మంది. చింతామణిలో చిన్నకొడుకు, కోడలు, పాప: 3. ఇలాంటి కుటుంబాన్ని సిమ్స్ 4 అనే కంప్యూటర్ ఆటలో తయారుచేసి, ఆడేవాళ్లు తాము చేసినవి పంచుకునే గ్యాలరీలో ఎవరో పెట్టారనుకోండి. ఒక ఇంట్లో 8 మందికి మించి ఆట ఒప్పుకోదు కాబట్టి రెండిళ్లుగానే పెట్టాలి, రెండిళ్లుగానే దించుకోవాలి. ముఖాలు, బట్టలు, గుణాలు చెక్కుచెదరకుండా వస్తాయి. ఒకే ఇంట్లోవాళ్ల బంధుత్వాలూ వస్తాయి. గడప దాటిన బంధుత్వం మాత్రం రాదు. చింతామణి చిన్నకొడుక్కి నందిలో ఉన్నది ఎవరో ముసలాయన.

2007లో కోలారు నుంచి నంది, చింతామణి ఉన్న చిక్కబళ్లాపురం జిల్లా విడిపోయినప్పుడు 6 తాలూకాలు ఇటొచ్చాయి. రికార్డులు మారాయి గానీ వియ్యాలు తెగలేదు. ఆటకు ఆ మర్యాద తెలియదు.

ఆటలో తెగిన బంధుత్వానికి మందుంది. ఇళ్ల నిర్వహణలోకి వెళ్లి చిన్నకొడుకునొక్కణ్ణే నంది ఇంటికి మార్చండి. 6+1=7, ఇంకా ఒకరికి చోటుంది. చీట్‌తో పూర్తి ఎడిట్ మోడ్ తెరిచి, అతణ్ణి తాతకీ నాయనమ్మకీ కొడుకుగా, పెద్దోడికి తమ్ముడిగా రాయండి. మళ్లీ చింతామణికి పంపేయండి. మొత్తం 9 మందినీ ఒకేసారి ఒకచోట చేర్చబోతే కుదరదు.

2004 నాటి సిమ్స్ 2 ఇంకా మొండిది. ప్లెజెంట్‌వ్యూ, స్ట్రేంజ్‌టౌన్, వెరోనావిల్ అని 3 ఊళ్లతో వచ్చింది. ప్రతి ఊరికీ ఒక ఫోల్డర్: ఎన్001, ఎన్002, ఎన్003. ప్రతి మనిషికీ ఒక ఫైలు, ఆ ఊళ్లోనే చెల్లే ఒక నంబరు. రెండూళ్లలోనూ ఒకే నంబరు మనుషులుంటారు కాబట్టి ఫోల్డర్లు కలిపేస్తే ఊళ్లు కలవవు. అభిమానులు అన్ని ఊళ్లనూ కలిపి ‘ఉబర్‌హుడ్’ కట్టారంటే, ఆ నంబర్ల గుద్దులాట తీర్చాకే కట్టారు. యూనివర్సిటీ క్యాంపస్‌లు, డౌన్‌టౌన్ లాంటివి వేరు. వాటిని ఊరికి అనుబంధంగా తగిలించే దారి ఆటలోనే ఉంది.

సిమ్స్ 2లో అసలు ప్రమాదం మనుషులున్న ఇంటిని ప్యాక్ చేసి పంచుకోవడంలో ఉంది. అక్కడ బంధుత్వం తెగిపోదు, సగం సగంగా వెంట వస్తుంది. ఇంటివాళ్ల జ్ఞాపకాల్లో, వంశవృక్షంలో ఉన్న బయటివాళ్ల అరకొర వివరాలు కొత్త ఊళ్లో చేరి, పోనుపోను ఊరినే పాడుచేస్తాయి. నన్నడిగితే ఖాళీ ఇల్లు దించుకోవడమే మేలు. మనుషుల రూపాన్ని విడిగా తెచ్చుకుని, బంధుత్వాలు మళ్లీ మనమే అల్లుకోవాలి. 2025 జనవరిలో ఈ సిమ్స్ 2 మళ్లీ అమ్మకానికొచ్చింది. కొత్తగా కొన్నవాళ్లు ఏ డౌన్‌లోడ్ ముట్టుకునేముందైనా ‘నైబర్‌హుడ్స్’ ఫోల్డరును ఇంకోచోట కాపీ చేసి పెట్టుకోవాలి.