యూరప్‌లో ముందు ఎక్కడ దిగాలి?

మన వరంగల్ కొత్తవాడలో యూరప్ ప్రయాణం మాట రాగానే అందరి నోటా ముందు వచ్చే ఊరు పారిస్. ఆ వెంటనే ‘టికెట్ ఎక్కడికి తక్కువుంటే అక్కడికే తీసుకో’ అనే సలహా. రెండూ కాసేపు పక్కన పెట్టి, దిగాక ఎటు పోవాలో తేల్చుకుంటే సగం తలనొప్పి తప్పుతుంది. దిగే ఊరు చూడదగ్గదే కానక్కర్లేదు. కాజీపేటను చూద్దామని ఎవరూ రారు, కానీ ఢిల్లీ, చెన్నై, హైదరాబాద్ దారులు అక్కడ కలుస్తాయి కాబట్టి దిగుతారు. మన ప్రయాణానికి ఫ్రాంక్‌ఫర్ట్ అలాంటిదే.

2024 జనవరి నుంచి శంషాబాద్ నుంచి అక్కడికి లుఫ్తాన్సా నేరుగా విమానం నడుపుతోంది. కొత్తవాడ నుంచి శంషాబాద్‌కే 150 కిలోమీటర్ల పైచిలుకు. సాయంత్రం ఇల్లు వదిలి, అర్ధరాత్రి దాటాక విమానం ఎక్కి, సరిగ్గా నిద్రలేకుండా దిగిన వాళ్లకు ఇంకో విమానం మారడం నరకం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒకటో టెర్మినల్‌ను ఆనుకునే దూరప్రాంత రైళ్ల స్టేషన్ ఉంది. సామాను లాక్కుంటూ నడిచి వెళ్లి రైలెక్కితే గంటకు కాస్త అటూ ఇటుగా కొలోన్. స్టేషన్ బయటికి అడుగుపెట్టగానే 157 మీటర్ల జంట గోపురాల చర్చి మీద పడుతుందా అన్నట్టు నిలబడి ఉంటుంది. ఆమ్‌స్టర్‌డామ్‌కైనా, బ్రస్సెల్స్ మీదుగా పారిస్‌కైనా అక్కడి నుంచి రైళ్లున్నాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లోనే దిగుతామన్నా ఇబ్బంది లేదు, అక్కడ టెర్మినల్ కిందే రైల్వే స్టేషన్.

అయితే ఒక జాగ్రత్త. ఫ్రాంక్‌ఫర్ట్ హాన్ అని ఇంకో విమానాశ్రయం ఉంది. పేరుకే ఫ్రాంక్‌ఫర్ట్, ఊరికి 100 కిలోమీటర్లకు పైనే. పారిస్ బోవే కూడా ఈ బాపతే. చవక టికెట్‌లో మిగిలింది బస్సులకు పోతుంది.

వీసా సంగతిలో మాత్రం మనవాళ్లకు ఒక అపోహ గట్టిగా నాటుకుపోయింది: వీసా ఇచ్చిన దేశంలోనే ముందు దిగాలని. అలాంటి రూల్ లేదు. షెంగెన్ కూటమిలో 29 దేశాలు, వీసా ఒక్కటే. ఏ దేశంలో ఎక్కువ రోజులుంటే ఆ దేశానికి దరఖాస్తు పెట్టాలి. అన్నిచోట్లా సమానంగా ఉంటేనే మొదట అడుగుపెట్టే దేశం లెక్కలోకి వస్తుంది. ఫ్రాన్స్‌లో ఆరు రోజులు, జర్మనీలో రెండు రోజులైతే, ఫ్రాన్స్ వీసాతో ఫ్రాంక్‌ఫర్ట్‌లో నిక్షేపంగా దిగొచ్చు. అధికారి అడిగితే చూపించడానికి పారిస్ హోటల్ బుకింగులు చేతిలో ఉంచుకోండి. 2025 అక్టోబరు నుంచి ముద్ర కొట్టే బదులు రాకపోకలను కంప్యూటర్‌లో ఎక్కించే పద్ధతి మొదలైంది, ముఖం ఫొటో కూడా తీస్తారు. క్యూ పెరిగే అవకాశముంది, దిగిన గంటకే రైలు పెట్టుకోవద్దు.

ఇక లండన్. దర్రీలు నేసే కొత్తవాడకు ఆ ఊరితో పాత చుట్టరికమే ఉంది. 1851లో అక్కడ జరిగిన మహా ప్రదర్శనలో ఓరుగల్లు తివాచీలు పెట్టారు. వరంగల్ దర్రీలకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది 2018లో, అంటే లోకం చూసిన ఎన్నేళ్లకో! ఆ ప్రదర్శన లాభాలతో ఎదిగిన విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం చూడాలనిపించడం సహజం. కానీ బ్రిటన్ షెంగెన్‌లో లేదు, వీసా వేరే. దాన్ని మధ్యలో పెట్టారా, చిక్కే. సింగిల్ ఎంట్రీ షెంగెన్ వీసాతో పారిస్ నుంచి లండన్ వెళ్తే ఆ వీసా అక్కడితో సరి. మళ్లీ రోమ్‌కు రానివ్వరు.

అందుకే లండన్‌ను చివర పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. ఫ్రాంక్‌ఫర్ట్, కొలోన్, బ్రస్సెల్స్, పారిస్, అక్కడి నుంచి సముద్రం కింది రైల్లో రెండున్నర గంటల లోపే లండన్. బ్రిటన్ పాస్‌పోర్ట్ తనిఖీ కూడా పారిస్ స్టేషన్‌లోనే అయిపోతుంది. లండన్ నుంచి హైదరాబాద్‌కు బ్రిటిష్ ఎయిర్‌వేస్ నేరు విమానం ఉంది. వెళ్లిన దారిలో వెనక్కి రావడం ఉండదు.

ఇలా ఒకచోట దిగి ఇంకోచోట ఎక్కే టికెట్‌ను ‘మల్టీ సిటీ’ అన్న చోట వెతకాలి. రెండు వన్‌వేలుగా కొంటే చాలాసార్లు బాగా ఎక్కువ పడుతుంది. రెండు వేర్వేరు కంపెనీల నేరు విమానాలు ఒకే టికెట్ మీద చవగ్గా దొరకకపోవచ్చు. అప్పుడు రెండు ఊళ్లకూ వెళ్లే గల్ఫ్ కంపెనీల ధర కూడా చూడండి. దుబాయ్‌లోనో దోహాలోనో విమానం మారాలి. పెద్దవాళ్లు వెంట ఉంటే ఆ కాస్త తేడాకు ఆశపడకపోవడమే మంచిది.